మహిళల రగ్బీ సెవెన్స్‌పై చర్చ: తప్పు ఆటదా, మైదానానిదా?

(అనంతపురంలో జరిగిన, జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ సెవెన్స్ ప్రాంతీయ పోటీల్లో పురుషుల మ్యాచ్‌లను సాయంత్రానికి ఉంచి, మహిళల మ్యాచ్‌లను ఎండవేళ పెట్టడం, ఒక అమ్మాయి తలకు దెబ్బ తగలడం వివాదమయ్యాయి. దానిపై స్టూడియోలో సాగిన చర్చలోని కొంత భాగం ఇది.)

మోడరేటర్: ఇరుపక్షాలకూ సమాన సమయం ఇస్తామని ముందే మాట ఇస్తున్నాను. కోచ్ గారూ, మన సీమ ఆడపిల్లలకు ఇంత మొరటు ఆట అవసరమా?

కబడ్డీ కోచ్: అవసరమే లేదండీ. కబడ్డీలోనూ ఏడుగురే, అక్కడా పట్టుకుని పడగొట్టడమే. అయితే మా పిల్లలు మ్యాట్ మీద పడతారు. వీళ్లు వంద మీటర్ల మైదానంలో పరుగెత్తుకొచ్చి గులకరాళ్ల మీద పడుతున్నారు. పైగా మేము తయారుచేసిన పిల్లలనే వీళ్లు...

రగ్బీ శిక్షకురాలు (అందుకుంటూ): ఎవరినీ ఎవరూ లాక్కుపోలేదు సార్. రగ్బీ నిబంధనల ప్రకారం మట్టి నేల మీద ఆడవచ్చు, కాంక్రీటు వంటి గట్టి నేల మీద ఆడకూడదు. ఏ నేలైనా సురక్షితంగా ఉండాలని కూడా అవే నిబంధనలు చెబుతున్నాయి. నీళ్లు చల్లి, రాళ్లు ఏరించని నిర్వాహకులను వదిలేసి ఆటను నిందిస్తే...

కోచ్: ఏరించలేదు కదా? నేనూ అదే అంటున్నాను!

మోడరేటర్: అంటే మొరటు ఆటేనని మీరూ ఒప్పుకుంటున్నారా, మేడమ్?

శిక్షకురాలు: నేను ఆ మాట అనలేదు. భుజాల కంటే పైన, అంటే మెడ, తల దగ్గర పట్టుకుంటే సెవెన్స్‌లో తప్పు. పసుపు కార్డు చూపితే రెండు నిమిషాలు బయట కూర్చోవాలి. అర్ధభాగమే ఏడు నిమిషాలుండే ఆటలో అది చిన్న శిక్ష కాదు.

మోడరేటర్: అమ్మా, ఆడినవారు మీరు. మీరు చెప్పండి.

క్రీడాకారిణి: మా మ్యాచ్ మొదలయ్యేసరికి పదకొండు దాటింది. టాకిల్ చేసి, అంటే ఎదుటి అమ్మాయిని పట్టుకుని పడగొట్టి, లేచేసరికి మోచేతి చర్మం దోక్కుపోయి ఎర్రమట్టి అంటుకుంది. విరామం రెండు నిమిషాలే, నీళ్ల క్యాను మాత్రం అవతలి గోల్‌పోస్టుల దగ్గర పెట్టారు. సాయంత్రం అదే మైదానంలో అబ్బాయిలు...

మోడరేటర్: నొప్పి కలిగిందని మీరే అంటున్నారు కనుక, కోచ్ గారి వాదనలో బలం ఉన్నట్టే కదా?

క్రీడాకారిణి: వేళ గురించి అంటున్నాను సార్, ఆట గురించి కాదు.

కోచ్: బిడ్డ అమాయకంగా మాట్లాడుతోంది. (ఇక్కడి నుంచి చాలాసేపు కోచ్ ఒక్కరే మాట్లాడారు, కబడ్డీకి మ్యాట్లు లేవన్న మాట మూడుసార్లు వచ్చింది. తమ పిల్లలు మ్యాట్ మీద పడతారని మొదట అన్నదీ ఆయనే.)

వైద్యుడు: ఒక్క మాట చెప్పనివ్వండి. తలకు దెబ్బ తగిలి మెదడు అదిరిందన్న అనుమానం కలిగితే, ఆ క్రీడాకారిణిని వెంటనే బయటికి పంపాలి, ఆ రోజు మళ్లీ ఆడనివ్వకూడదు. తలకు దెబ్బ తగిలిన అమ్మాయిని రెండో అర్ధభాగంలో తిరిగి దించారు. ఆ నిర్ణయం ఎవరిది?

మోడరేటర్: దానికి తర్వాత వద్దాం, డాక్టర్ గారూ. మన ఆడపిల్లలకు ఈ ఆట...

శిక్షకురాలు: 2016 రియో నుంచి ఇది ఒలింపిక్ క్రీడ. 2025లో బీహార్‌లోని రాజ్‌గిర్‌లో జరిగిన ఆసియా అండర్-20 సెవెన్స్‌లో భారత అమ్మాయిలు కాంస్యం గెలిచారు. వాళ్లు ఆడపిల్లలు కారా?

కోచ్: బీహార్ సంగతి బీహార్‌ది! మన ఎండ వేరు, మన నేల వేరు!

శిక్షకురాలు: అందుకే సాయంత్రం పెట్టమంటున్నాం! ఎండలో ఆడించి, తట్టుకోలేకపోతే ఆటే వద్దనడం పొమ్మనలేక పొగబెట్టడమే.

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు, మాటలు స్పష్టంగా వినిపించలేదు.)

మోడరేటర్: సమయం మించిపోయింది. మన నేలకు ఈ ఆట సరిపడదన్న అభిప్రాయం ఈ చర్చలో బలంగా వినిపించింది...

వైద్యుడు: నేను అడిగినదానికి జవాబు రాలేదు.

మోడరేటర్: తప్పకుండా మరోసారి చర్చిద్దాం. కోచ్ గారూ, చివరిగా ఒక్క మాట?

కోచ్: ఒక్కటి కాదు, రెండు చెబుతాను...