సోడియం తగ్గిందా? ఆగండి, ఆ ఉప్పు డబ్బా ముట్టుకోకండి!

రక్తపరీక్ష రిపోర్టులో సోడియం 128. వెంటనే ఇంట్లో అందరూ మొదలుపెడతారు: "ఉప్పు తినట్లేదు, అందుకే!" ఉప్పు తగ్గించమన్న డాక్టర్ల వల్లే అందరికీ సోడియం పడిపోతోందని వీడియోల మీద వీడియోలు వస్తున్నాయి కదా, చూసే ఉంటారు. చూస్తుంటే ఒళ్లు మండిపోతోంది నాకు!

సూటిగా చెప్తా. సోడియం టెస్ట్ మీరు తిన్న ఉప్పుని లెక్కపెట్టదు. చాలాసార్లు అది చెప్పేది నీళ్ల సంగతి! లీటరు రక్తానికి 135 నుంచి 145 మిల్లీమోల్స్ (రిపోర్టులో వాడే కొలత) ఉండాలి. ఒంట్లో నీళ్లు నిలిచిపోయాయా, ఉన్న ఉప్పే పలచబడిపోతుంది. నంబరు పడిపోతుంది. ఉప్పు ఎక్కడికీ పోలేదు!

గుండె బలహీనపడ్డ మనిషిని చూడండి. కాలి మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతుంది. ఆయన ఒంట్లో సోడియం ఉండాల్సినదానికంటే ఎక్కువే. రిపోర్టులో మాత్రం తక్కువ! ఆయనకి ఉప్పు పెంచితే? వాపు పెరుగుతుంది, ఆయాసం పెరుగుతుంది. ఎవరండీ బాధ్యులు?

2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్లకి రక్తపరీక్ష చేస్తే 13 శాతం మందికి సోడియం తక్కువ. ఎక్కువగా ఎవరికి? పరుగు పూర్తయ్యేసరికి బరువు పెరిగినవాళ్లకి! అన్ని మైళ్లు పరుగెత్తి బరువు పెరిగారంటే ఎంత తాగారో ఆలోచించండి.

బీపీకి వాడే హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్, డిప్రెషన్‌కి వాడే కొన్ని మాత్రలు కూడా సోడియాన్ని పడగొడతాయి. సొంతంగా ఆపకండి, స్ట్రిప్ తీసుకెళ్లి డాక్టరుకి చూపించండి.

పొటాషియందీ ఇదే గోల! రక్తం తీసేటప్పుడు పిడికిలి మూసి తెరిచి, మూసి తెరిచి చేస్తే, లేదా శాంపిల్‌లో ఎర్రకణాలు పగిలితే, ఒంట్లో ఎక్కువ లేకపోయినా పొటాషియం రిపోర్టులో ఎక్కువ కనిపిస్తుంది. ఇక మెగ్నీషియం, రక్తంలో ఉండేది ఒంట్లో ఉన్నదాంట్లో 1 శాతమే. ఆ ఒక్క నంబరు చూసి మెగ్నీషియం మాత్రలు డబ్బాలకి డబ్బాలు కొనేస్తారా?

వాంతులు, విరేచనాలైతే ఉప్పు పోతుంది, నిజం. అప్పుడు ఓఆర్‌ఎస్ తాగండి. తికమకగా మాట్లాడుతున్నా, ఫిట్స్ వచ్చినా తిన్నగా ఆసుపత్రికే. చాలా రోజులుగా తక్కువున్న సోడియాన్ని ఒక్కసారిగా పెంచితే మెదడు దెబ్బతింటుంది. అందుకే ఆసుపత్రిలో కూడా ఆ నంబరుని 24 గంటల్లో 8 నుంచి 10 కంటే ఎక్కువ పెరగనివ్వరు. మీరేమో చెంచాతో వేసుకుంటున్నారు!

తిన్న ఉప్పు తెలియాలంటే 24 గంటల మూత్రం పట్టి అందులో సోడియం చూడాలి. ఇక రక్తంలో సోడియం తక్కువొస్తే డాక్టర్ని ఇలా అడగండి: "నాకు ఉప్పు తక్కువైందా, నీళ్లు ఎక్కువయ్యాయా? మూత్రపరీక్ష చేయించాలా?"