లైవ్‌లో మాట్లాడే ముందు

శ్రోతలకు నమస్కారం. వానాకాలంలో డెంగీ కేసులు మొదలయ్యాయంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు ఏదో ఒక పూట న్యూస్ ఛానల్ నుంచి ఫోనొస్తుంది. "మేడమ్, 10 నిమిషాల్లో లైవ్" అంటారు. సరిగ్గా వాడుకుంటే ఆ 10 నిమిషాలు చాలు.

ముందు విలేకరినే అడగండి. ఫోన్‌లోనా, వీడియోలోనా? ఎంతసేపు? లైన్లో ఇంకెవరున్నారు? మొదటి ప్రశ్న దేని మీద? ప్రశ్నలన్నీ రాసివ్వరు గానీ, ఈ మాత్రం చెప్తారు. ప్రభుత్వ ఉద్యోగులైతే పై అధికారి అనుమతి తీసుకున్నాకే ఒప్పుకోవాలి.

తర్వాత కాగితం మీద మూడు ముక్కలు రాసుకోండి. డెంగీ దోమ పగటిపూట కుడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది కనుక వారానికోసారి తొట్లు, కూలర్లు ఖాళీ చేసి ఆరబెట్టాలి. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకోకూడదు, వాటితో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఇంతే. పైకి చదివి చూసి, నోరు తిరగని మాటలు మార్చేయండి. టైమ్ అయిపోతే యాంకర్ మధ్యలోనే ఆపేస్తారు. అసలు సంగతి చివర్లో చెబుదామని దాచుకుంటే అది జనానికి చేరదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఇబ్బందిపెట్టే ప్రశ్న దగ్గరే. "మీ నిర్లక్ష్యం వల్లే కదా కేసులు పెరిగాయి?" అని యాంకర్ అడుగుతుంటారు. మనకేమో వింటూ ఊఁ కొట్టడం, జవాబును "అవునండీ" అని మొదలుపెట్టడం అలవాటు. మాటవరసకు అన్న ఆ ఒక్క మాట, తప్పు ఒప్పుకున్నట్టే వినిపిస్తుంది. కంగారుపడి "మేం నిర్లక్ష్యం చేయలేదు" అన్నా, కింద స్క్రోలింగ్‌లో మీ పేరు పక్కన నిలిచేది నిర్లక్ష్యమనే మాటే. దాన్ని మీ నోట రానివ్వకండి. ఏ వీధుల్లో సర్వే అయింది, రక్తపరీక్షలు ఎక్కడ చేస్తున్నారు, అది చెప్పండి. లోపం నిజంగా ఉంటే మాత్రం దాచొద్దు, ఎప్పటికి సరిచేస్తారో చెప్పండి. మరణాల లెక్క చేతిలో లేనప్పుడు ఉజ్జాయింపుగా అంకె చెప్పొద్దు. యాంకర్ రోగి పేరు చెప్పినా మీరు అవుననొద్దు, కాదనొద్దు.

గదిలో టీవీ కట్టేయండి. లేకపోతే మీ గొంతే కాస్త ఆలస్యంగా మీకు వినపడి మాట తడబడుతుంది. ఫ్యాను ఆపి, స్పీకర్ తీసేసి ఫోను చెవి దగ్గరే పెట్టుకోండి. వీడియో అయితే కిటికీ మీ ముఖానికి ఎదురుగా ఉండాలి, వెనక ఉంటే ముఖం నల్లగా కనపడుతుంది. ఓబీ వ్యాన్, అంటే బయటి నుంచి లైవ్ పంపే ఛానల్ బండి వస్తే, మీ మాట సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం మీదుగా స్టూడియో చేరడానికి పావు సెకను పడుతుంది. యాంకర్ అడ్డొస్తే ఆగిపోండి, ఇద్దరూ మాట్లాడితే ఎవరిదీ అర్థం కాదు.

మైకు తీసేదాకా లైవ్‌లో ఉన్నట్టే అనుకోండి. ఏదైనా అంకె తప్పు చెప్పారని తర్వాత గుర్తొస్తే వెంటనే విలేకరికి ఫోన్ చేయండి. వచ్చే బులెటిన్‌లో మీ మాటల ముక్కనే మళ్లీ వేస్తారు. దిద్దుకోవడానికి ఆ మధ్య ఉన్న టైమే మీ చేతిలో ఉండేది.