ఖాళీ సమయం గడపడమూ నేర్పాల్సిందే

శ్రోతలకు నమస్కారం. ప్రత్యేక అవసరాలున్న పిల్లల తరగతిలో పాఠం నడిపించడం కన్నా, పాఠానికీ పాఠానికీ మధ్య వచ్చే పది నిమిషాలే కష్టం. "వెళ్లి ఆడుకో" అంటే చాలామందికి ఏం చేయాలో తోచదు. ఏది తీయాలి, ఎలా మొదలుపెట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నవి విడివిడిగా నేర్పాలి.

ముందు ఇష్టం కనిపెట్టండి. నాలుగైదు వస్తువులు పిల్లవాడి ఎదురుగా పెట్టి, ఏమీ మాట్లాడకుండా చూడండి. దేన్ని అందుకున్నాడు, ఎంతసేపు పట్టుకున్నాడు, రాసుకోండి. మర్నాడు వస్తువుల చోట్లు మార్చి మళ్లీ చూడండి. కొందరు ఎప్పుడూ కుడివైపున్నదే తీస్తారు; దాన్ని ఇష్టమనుకుంటే పొరపాటే.

మొదట్లో ముగింపు ఉన్న ఆటలే మేలు: పజిల్, పూసలు గుచ్చడం, రంగుల వారీగా వేరుచేయడం. ఆఖరి ముక్క పడితే ఆట అయిపోయినట్టే, ఎవరూ చెప్పక్కర్లేదు. బొమ్మలు గీయడం, బ్లాకులు పేర్చడం లాంటివాటికి అలాంటి హద్దు లేదు కాబట్టి టైమర్ కావాలి. మిగిలిన సమయం రంగుగా తరిగిపోతూ కనిపించే రకమైతే గడియారం చూడటం రానివాళ్లకూ తెలుస్తుంది.

12 ముక్కల పజిల్ నేర్పాలంటే 11 మీరే అమర్చి, చివరిది మాత్రం పిల్లవాడికివ్వండి. అది వచ్చాక రెండు, ఆపైన మూడు. ఇలా వెనక నుంచి వస్తే ప్రతిసారీ పూర్తిచేసింది వాడే అవుతాడు.

ఒక్కో ఆటకు ఒక్కో ట్రే. చిన్న ఆల్బమ్‌లో పేజీకో ట్రే ఫొటో, మొదట రెండే పేజీలు. పిల్లవాడే పేజీ తిప్పాలి, ఫొటోలోని ట్రే తేవాలి, ఆడాలి, ట్రేను "అయిపోయింది" అని గుర్తుపెట్టిన చోట ఉంచాలి, మళ్లీ పేజీ తిప్పాలి.

ఇదంతా చెడగొట్టేది ఎక్కువగా మన నోరే. "తర్వాతేంటి?" అని అడుగుతుంటే పిల్లలు ఆ మాట కోసమే ఆగడం నేర్చుకుంటారు. అందుకే వెనక నిలబడి, మాటల్లేకుండా చేయి పట్టి చేయించండి. తర్వాత మోచేతిని తాకితే చాలు, ఆ తర్వాత ఒక్కో అడుగే దూరం జరగండి. రెండు నిమిషాలు సొంతంగా గడిపాకే మూడుకు పెంచండి.

పదిహేనేళ్లవాడి చేతికి గిలక్కాయ ఇవ్వకండి. సంగీతం వినడం, ఫొటోలు అతికించడం లాంటివి చూడండి. వస్తువులు నోట్లో పెట్టుకునే పిల్లలుంటే పూసలు, అయస్కాంతాలు, బటన్ బ్యాటరీల బొమ్మలు గదిలోకే రానివ్వద్దు. అల్లరి చేశారని ఈ ఆట సమయాన్ని కోసేయడమూ తగదు. ఇదీ పాఠమే కదా! ఏదైనా ట్రేను ముట్టడం మానేస్తే కొన్నాళ్లు లోపల దాచి, మళ్లీ తీసి చూడండి.