కాంట్రాస్ట్ ఇంజెక్షన్ లేకుండా గుండె కండరంలో రక్త ప్రసరణ కొలవడం

అందరికీ నమస్కారం. గుండె కండరానికి రక్తం ఎంత అందుతోందో ఎమ్మారైలో చూడాలంటే మామూలుగా గాడోలినియం అనే, బొమ్మలో రక్తం తేడాగా కనిపించేలా చేసే కాంట్రాస్ట్ మందు ఇంజెక్షన్ ఇస్తారు. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకి అది ఇవ్వాలంటే డాక్టర్లు వెనకాడతారు, పైగా ఒకే మనిషికి మళ్లీ మళ్లీ కొలవాల్సి వస్తే ప్రతిసారీ సూది. ఈ వీడియోలో ఇంజెక్షన్ లేకుండా, రక్తంలోని నీటినే గుర్తుగా వాడుకునే పద్ధతి చూద్దాం. పేరు ఆర్టీరియల్ స్పిన్ లేబులింగ్, పొట్టిగా ఏఎస్ఎల్. 1992లో మెదడు కోసం మొదలైంది. గుండె దగ్గరికి వచ్చేసరికి కష్టమంతా బయటపడింది, ఎందుకంటే ఇది ఒక్క క్షణం కుదురుగా ఉండదు.

స్క్రీన్ మీద ఎడమవైపు చూడండి, ఇది కంట్రోల్ బొమ్మ. మనం చూసే స్లైస్, అంటే గుండెకి అడ్డంగా తీసే పలచని పొర, దాని చుట్టూ కాస్త మందం, అంతవరకే నీటి అయస్కాంతత్వాన్ని తలకిందులు చేశాం, కాబట్టి బయటినుంచి కండరంలోకి వచ్చే రక్తం మామూలుగానే ఉంది. కుడివైపుది ట్యాగ్ బొమ్మ, అంటే గుర్తు వేసినది, ఇందులో స్లైస్ బయటి రక్తంతో సహా అంతా తిప్పేశాం. కండరం రెండింటిలోనూ ఒకేలా తిరిగింది కదా, ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే అది పోయి, కొత్తగా వచ్చిన రక్తం మాత్రమే మిగులుతుంది.

మిగిలేది ఎంతో తెలుసా? 3 టెస్లా మెషీన్‌లో రక్తం టీ1, అంటే తిప్పేసిన అయస్కాంతత్వం ఎంత వేగంగా కోలుకుంటుందో చెప్పే సమయం, సుమారు 1.65 సెకన్లు. ట్యాగ్‌కీ బొమ్మకీ మధ్య ఆగే సమయం, అంటే టీఐ, 1 సెకను అనుకుందాం. విశ్రాంతిలో గ్రాము కండరానికి నిమిషానికి దాదాపు 1 మిల్లీలీటరు రక్తం అందుతుంది. లెక్క కడితే తేడా 2 శాతం కూడా రాదు! ఊపిరి కాస్త అటూ ఇటూ అయిందంటే ఆ తేడా అందులోనే కొట్టుకుపోతుంది.

అందుకే ఒక జత రెండు బొమ్మలూ ఒకే ఊపిరి బిగపట్టులో తీయాలి, మధ్యలో అయస్కాంతత్వం కోలుకోవడానికి కొన్ని సెకన్లు ఆగాలి. ట్యాగ్ వేసేదీ బొమ్మ తీసేదీ రెండూ ఈసీజీ చూసుకుని, గుండె సడలి కాస్త నిమ్మళంగా ఉండే దశలోనే జరగాలి. ఇలా ఆరేడు జతలు తీసి సగటు కడతారు. నా మాట వింటే, సగటు నొక్కేముందు జతలన్నీ ఒక్కొక్కటిగా తెరిచి చూడండి, గుండె అంచు కదిలిన జతని మొహమాటం లేకుండా తీసేయండి. సాఫ్ట్‌వేర్ మాత్రం అడగకుండానే అన్నీ కలిపేస్తుంది.

కొలవడానికి బొమ్మ మీద కండరం చుట్టూ గీత గీసేటప్పుడు లోపలి అంచుకి కాస్త దూరంగా గీయండి. గుండె గదిలోని రక్తం ఒక్క పిక్సెల్ కలిసినా విలువ అమాంతం పెరుగుతుంది.

ఇంకొక్క మాట. గుండె రక్తనాళాల్ని వెడల్పు చేసే అడినోసిన్ మందు ఇచ్చి స్ట్రెస్‌లో కొలిస్తే ఆరోగ్యంగా ఉన్న గుండెలో ప్రసరణ మూడు నాలుగు రెట్లు అవుతుంది, తేడా కూడా బాగా కనిపిస్తుంది. కానీ ట్యాగ్, బొమ్మ రెండూ గుండె చప్పుళ్లని బట్టే పడతాయి కదా, గుండె వేగం పెరిగితే టీఐ తగ్గిపోతుంది, కాబట్టి ప్రసరణ లెక్క కట్టే సూత్రంలో విశ్రాంతిలో వాడిన టీఐనే వదిలేయకుండా, ప్రతి జతకీ అసలు ఎంత వచ్చిందో స్కాన్ ఫైల్‌లోంచి చూసి వేసుకోండి.