చప్పుడుకు లాగవద్దు

శ్రోతలకు నమస్కారం.

గాలంతో చేపలు పట్టడం గురించి పది నిమిషాలు మాట్లాడమని అడిగినప్పుడు, చెప్పవలసినవన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. రాత్రి కూర్చుని చదువుకుంటే అందులో సగం అనవసరమనిపించి కొట్టివేశాను. మిగిలినదాంట్లో ఒక్క విషయాన్ని మాత్రం మీకు పూర్తిగా చెబుతాను. నీటి మీద చప్పుడు వినబడిన క్షణానికీ, చేతికి బరువు తెలిసే క్షణానికీ మధ్య ఒక చిన్న వ్యవధి ఉంటుంది. రెండు అంకెలు లెక్కపెట్టేంత వ్యవధి. దాన్ని చెరువు గట్టు మీద నేర్చుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. అదే ఓర్పును నా మనవడి విషయంలో చూపడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది.

నేను నెల్లూరు జిల్లాలో పుట్టి, ఉద్యోగరీత్యా మద్రాసు వచ్చి, ఇక్కడే స్థిరపడినవాణ్ణి. చిన్నతనంలో మాకు గాలమంటే వెదురు కర్ర, నైలాన్ దారం, నెమలి ఈక కాడతో చేసుకున్న బెండు, కొక్కేనికి గుచ్చిన వానపాము. బెండు మునిగీ మునగకముందే ఎవరు కర్ర ఎత్తితే వాడే మొనగాడు. ఆ తొందర నా చేతికి అలవాటై, యాభై ఏళ్ళ తరువాత కూడా అలాగే ఉండిపోయింది.

మా అక్కగారి భర్త రైల్వేలో పనిచేసి విరమించారు. ఆయన కొంతకాలం క్రితం కొడుకు దగ్గర ఉండడానికి టెక్సాస్ వెళ్ళి ఆరు నెలలున్నారు. డాలస్ నగరానికి తూర్పున లేక్ ఫోర్క్ అని ఒక పెద్ద జలాశయం ఉంది. 1980లో కట్టారు. నీట మునిగే చెట్లను చాలా చోట్ల నరకకుండా, చేపలకు నీడగా ఉంటాయని అలాగే వదిలివేశారు. ఆ మోడుల మధ్య ఉండే చేప బాస్. పక్కింటి అమెరికన్ వృద్ధుడొకరు మా బావగారిని ప్రతి శనివారం పడవలో తీసుకువెళ్ళి, బాస్ పట్టే పద్ధతులు ఓపికగా నేర్పారట. బావగారు తిరిగి వచ్చినప్పుడు పెట్టెలో ఒక పొట్టి రాడ్, దారం చుట్టి ఉండే ఒక రీలు, ఎరగా వాడే నాలుగు రబ్బరు కప్పలు ఉన్నాయి.

బాస్ మన చెరువుల చేప కాదు. ఉత్తర అమెరికా మంచినీటి చేప. అందులో లార్జ్‌మౌత్ అనే రకానికి పేరుకు తగ్గట్టే నోరు పెద్దది. నోరు మూసినప్పుడు దాని దవడ చివర కంటిని దాటి వెనక్కు పోతుంది. అది ఎర వెంట పడి వేటాడడం కన్నా నాచులోనో, మోడు నీడలోనో కదలకుండా పొంచి ఉండి, దగ్గరికి వచ్చిన దాన్ని ఒక్కసారిగా మింగడం ఎక్కువ. ఆ చేపను తెచ్చి మన చెరువుల్లో వదలాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే దయచేసి మానుకోమని కోరుతాను. జపాన్‌లో 1925లో అలాగే తెచ్చి వదిలారు. అది అక్కడి చిన్న చేపలను తినివేస్తుంటే, చివరికి దాన్ని పెంచడాన్నీ, నీళ్ళలో వదలడాన్నీ నిషేధిస్తూ 2005లో చట్టాన్ని అమలులోకి తెచ్చారు. మనకు కావలసింది ఆ చేప కాదు, దాన్ని పట్టే పద్ధతి మాత్రమే. ఎందుకంటే అదే విధంగా పొంచి ఉండే చేప మనకు ఇంటి దగ్గరే ఉంది. కొర్రమీను. తమిళంలో విరాల్ అంటారు. తెలంగాణ రాష్ట్రం 2016లో దీన్ని తన రాష్ట్ర చేపగా ప్రకటించింది.

మేము వెళ్ళే చెరువు గుమ్మిడిపూండి దాటిన తరువాత, ఆంధ్ర సరిహద్దుకు కొంచెం ఇవతల ఉంది. తెల్లవారుజామున లోకల్ బండి ఎక్కితే ఎండ ముదరకముందే గట్టు మీద ఉంటాము. అక్కడి తమిళులు దాన్ని ఏరి అంటారు. మనకు ఏరు అంటే పారే నీరు. వాళ్ళకు ఏరి అంటే నిలిచిన నీరు. ఆ ఊళ్ళో తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి గనుక ఒకే గట్టు మీద రెండు మాటలూ వినబడతాయి. చేపల హక్కును వేలంలో పాడుకున్న ఆసామిని ముందుగా అడిగి, పట్టిన దాన్ని తిరిగి నీళ్ళలో వదలివేస్తామని మాట ఇచ్చి, ఆ మాట మీద నిలబడుతున్నాము. అడగకుండా ఏ చెరువులోనూ గాలం వేయకూడదని నా అభిప్రాయం. అది ఒకరి జీవనాధారం.

ఇక రబ్బరు కప్ప సంగతి. దాని లోపల బోలుగా ఉంటుంది. రెండు కొక్కేలు పైకి తిరిగి దాని వీపును ఆనుకుని ఉంటాయి గనుక తామరాకుల మీద, గుర్రపుడెక్క మీద లాగినా ఎక్కడా తగులుకోదు. చేప దాన్ని నోట కరచి గట్టిగా మూసినప్పుడే ఆ రబ్బరు అణిగి కొక్కేలు బయటపడతాయి. అంతవరకు కప్ప నోట్లో ఉన్నా కొక్కెం నోట్లో లేనట్టే. ఈ ఒక్క సంగతి తలకెక్కితే మిగిలినదంతా తేలిక. నాకు తలకెక్కలేదు.

మొదటి ఆదివారం ఆకుల అంచున నేను కప్పను ఆడిస్తుండగా నీళ్ళు భళ్ళుమన్నాయి. లాగాను. కప్ప గాలిలో ఎగిరి నా కాళ్ళ దగ్గర పడింది. మళ్ళీ వేశాను. నీళ్ళు భళ్ళుమన్నాయి. లాగాను. కప్ప ఎగిరి వచ్చింది. ఆ ఉదయం ఐదుసార్లు నీళ్ళు భళ్ళుమన్నాయి, ఐదుసార్లూ లాగాను, ఐదుసార్లూ కప్పే వచ్చింది. బావగారు పక్కనే నిలబడి చూస్తున్నారు. ఒక్క మాట అనలేదు.

ఎండ ఎక్కిన తరువాత చింతచెట్టు కింద కూర్చుని పులిహోర పొట్లాలు విప్పుకున్నాము. సగం తిన్న తరువాత ఆయన నెమ్మదిగా చెప్పారు. "నేనూ అక్కడ మూడు వారాలు ఇదే చేశానయ్యా. నువ్వు విన్న చప్పుడు అది కప్పను అందుకోవడానికి లేచినప్పటిది. అది నోరు మూసి కిందికి తిరిగిందంటే దారం బరువెక్కుతుంది. చప్పుడుకు లాగవద్దు. బరువుకు లాగు. చప్పుడు వినగానే రాడ్ కొన నీటి వైపు దించి, మనసులో ఒకటి, రెండు అనుకో."

అది నా చేతిలో రాడ్ ఉన్నప్పుడే, కప్ప నా కాళ్ళ దగ్గర పడి ఉన్నప్పుడే చెప్పి ఉంటే నేను వినేవాణ్ణి కాదు. అప్పుడు నా మనసంతా తప్పిపోయిన చేప మీద ఉంది. ఆయన నా మీద కూడా రెండు అంకెలు లెక్కపెట్టారని చాలా రోజుల తరువాత గాని నాకు అర్థం కాలేదు.

మా మనవడికి పదకొండేళ్ళు. వేసవి సెలవుల్లో వాణ్ణి కూడా తీసుకువెళ్ళాము. రాడ్ పట్టుకోగానే వాడి ముఖం వెలిగింది. కాని ఆ రకం రీలు పిల్లలకే కాదు, పెద్దలకూ కష్టమే. విసిరినప్పుడు రీలు చక్రం తిరిగే వేగం, దారం బయటికి పోయే వేగం కన్నా ఎక్కువైతే, మిగులు దారం చక్రం మీదే ఉబ్బి పిచ్చుక గూడులా చిక్కుపడుతుంది. కప్ప నీటిని తాకబోయే ముందు బొటనవేలితో చక్రాన్ని మెల్లగా ఆపడం తెలియాలి. అది మాటలతో వచ్చే విద్య కాదు, వేలికి తెలియవలసిన విద్య.

మొదటిసారే వాడి దారం చిక్కుపడింది. "ఇటివ్వు" అని రాడ్ తీసుకుని నేను విప్పాను. రెండోసారి చిక్కుపడింది. "ఇటివ్వు, చెప్పాను కదా" అని తీసుకుని విప్పాను. మూడోసారి చిక్కుపడినప్పుడు వాడు దారం వైపు చూడనైనా చూడలేదు. రాడ్ నా చేతికిచ్చి, గట్టు మీద కూర్చుని, చెప్పుల్లోని ఇసుక దులుపుకోవడం మొదలుపెట్టాడు. నేను విప్పి ఇచ్చిన తరువాత కూడా "మీరే వేయండి తాతయ్యా" అన్నాడు. తరువాతి ఆదివారం కాళ్ళు నొప్పులన్నాడు. ఆ పై ఆదివారం ఏ కారణమూ చెప్పలేదు.

వాడు లేకుండా వెళ్ళిన రోజున, తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని నా చిక్కులన్నీ తలచుకున్నాను. ఆ రెండు నెలల్లో నా దారం ఎన్నిసార్లు చిక్కుపడిందో లెక్క లేదు. కాని బావగారు ఒక్కసారైనా నా చేతిలోంచి రాడ్ తీసుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవారు. అడిగితే చెప్పేవారు. అడగకపోతే తామరాకుల వైపు చూస్తూ ఉండేవారు. వేగంగా విప్పగలిగిన మనిషి, ఆ వేగాన్ని నా ముందు ఒక్కనాడూ ప్రదర్శించలేదు. నేను మాత్రం పదకొండేళ్ళ పిల్లవాడి ముందు నా నేర్పు చూపించుకుని, వాడి చేతికి రావలసిన పనిని వాడికి దక్కకుండా చేశాను. ఇది చెప్పడం నాకు సులభం కాదు. అయినా నేర్పే చోట చాలామంది పెద్దలు ఇదే చేస్తారని నేను నమ్ముతున్నాను గనుక చెబుతున్నాను.

నేనే వాడి గదిలోకి వెళ్ళి, "ఈసారి నీ రాడ్ నేను ముట్టుకోను, వస్తావా?" అని అడిగాను. కొంచెంసేపు ఆలోచించి వస్తానన్నాడు.

చిక్కు విప్పే పద్ధతి ఒకటి ఉంది. రీలు వాడే శ్రోతలు దీన్ని గుర్తుపెట్టుకుంటే చాలు, ఈ ప్రసంగంలో మిగిలినవన్నీ మరచిపోయినా ఫరవాలేదు. చిక్కుపడిన దారాన్ని గుంజవద్దు. గుంజితే ముడి బిగుస్తుంది. బొటనవేలితో చక్రం మీది దారాన్ని గట్టిగా అదిమి పట్టి, చేతిపిడిని ఒక్క చుట్టు ముందుకు తిప్పాలి. తరువాత వేలు తీసి, చక్రాన్ని వదులు చేసి, దారాన్ని మెల్లగా బయటికి తీయాలి. ఆగితే మళ్ళీ అదిమి, మళ్ళీ తిప్పి, మళ్ళీ తీయాలి. చాలా చిక్కులు రెండు మూడు సార్లకే వదులవుతాయి. మెల్లగా తీయడమే అందులో కిటుకు.

ఆ ఉదయం వాడి దారం చిక్కుపడగానే నా చేతులు వాటంతట అవే ముందుకు వెళ్ళబోయాయి. వెనక్కి కట్టుకున్నాను. ఎలా విప్పాలో ఒకసారి చెప్పి ఊరుకున్నాను. వాడికి పావుగంట పట్టింది. ఆ పావుగంటలో తామరాకుల అంచున ఒక కొర్రమీను రెండుసార్లు పైకి వచ్చి గాలి పీల్చుకుని వెళ్ళింది. కొర్రమీనుకు మొప్పలు మాత్రం చాలవు. పైకి వచ్చి గాలి పీల్చకపోతే బతకలేదు. అందుకే ఓపికగా చూసేవాడికి అది ఎక్కడ ఉందో అదే చెబుతుంది. నా చేతిలో రాడ్ ఉండి ఉంటే ఆ బుడగలను నేను చూసేవాణ్ణి కాదు. మా వాడు ముడి విప్పి తల ఎత్తగానే చోటు చూపించాను.

కప్ప వేశాడు. నీళ్ళు భళ్ళుమన్నాయి. లాగాడు. కప్ప ఎగిరి వచ్చి వాడి కాళ్ళ దగ్గర పడింది.

వాడు నా వైపు చూశాడు. నేను మంచినీళ్ళ సీసా అందించాను. నీళ్ళు తాగి మళ్ళీ వేశాడు. ఆ రోజు చేప పడలేదు. ఇడ్లీలు తింటుండగా వాడే అడిగాడు, "చేప నోట్లో పెట్టుకుంది కదా తాతయ్యా, ఎందుకు తగలలేదు?" అని. అప్పుడు చెప్పాను. బావగారు పక్కనే కూర్చుని చట్నీ పొట్లం విప్పుతూ, ఏమీ విననట్టే ఉన్నారు.

మే నెల చివర ఒక ఉదయం నీళ్ళు భళ్ళుమన్న తరువాత వాడు రాడ్ కొనను దించి, పెదవులతో ఒకటి, రెండు అనుకోవడం నేను చూశాను. దారం పక్కకు జరిగింది. అప్పుడు లాగాడు. రాడ్ వంగింది. మూర కన్నా కొంచెం పొడవున్న కొర్రమీను. బావగారు వాడి చేతులు తడిపించారు. పొడి చేతులతో పట్టుకుంటే చేప ఒంటి మీది జిగురు పోతుంది. దానికి పదునైన పళ్ళుంటాయి గనుక కొక్కేన్ని కటింగ్ ప్లేయరుతో తీశారు. కొక్కేల ముల్లును ముందే నొక్కి చదును చేసి ఉంచుకుంటే ఆ పని చేపకూ మనకూ నొప్పి లేకుండా అయిపోతుంది. మా వాడు దాన్ని రెండు చేతులా నీటిలో ఉంచి పట్టుకున్నాడు. అది ఒక్క క్షణం కదలకుండా ఉండి, తోక ఆడించి, ఆకుల కిందికి వెళ్ళిపోయింది.

వానలకు చెరువులో కొత్త నీరు చేరిన తరువాత, నీటి మీద ఎర్రటి చిన్న చేపపిల్లలు ఒక గుంపుగా కదలడం మీకు కనబడవచ్చు. అవి కొర్రమీను పిల్లలు. వాటి కిందే తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. అక్కడ కప్పను వేస్తే పిల్లలను కాపాడుకోవడానికి వెంటనే వచ్చి కరుస్తాయి. అంత సులభంగా దొరుకుతాయి గనుకనే అక్కడ గాలం వేయవద్దు. మేము ఆ కాలంలో రాడ్లు తుడిచి అటక మీద పెట్టివేస్తాము. సంక్రాంతి వెళ్ళిన తరువాత ముగ్గురమూ మళ్ళీ ఆ గట్టుకు వెళతాము. టిక్కెట్లు తానే కొంటానని మా మనవడు ఇప్పటికే చెప్పి ఉంచాడు.

సెలవు. నమస్కారం.