జపాన్‌లో మొదటి నాలుగు రోజులు

అందరికీ నమస్కారం.

జపాన్ ప్రయాణం గురించి మాట్లాడమని మన గ్రంథాలయం వాళ్లు అడిగారు. నేనక్కడ ఉన్నది మూడు వారాలు. ఈ సాయంత్రం మాత్రం మొదటి నాలుగు రోజుల గురించే చెబుతాను. ఫుజి కొండ, క్యోటో గుళ్లు మీ ఫోన్లలోనే చూడొచ్చు. ముప్పై ఒక్క ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పిన దాన్ని కాబట్టి, ఆ నాలుగు రోజుల్లో నా చెవిన పడిన మాటలే నాకు ఎక్కువ విలువైనవి.

నేను వెళ్లింది మా స్నేహితురాలి ఇంటికి. విజయవాడలో డిగ్రీ కలిసి చదువుకున్నాం. భర్త ఉద్యోగం కోసం టోక్యో వెళ్లి 22 ఏళ్లుగా అక్కడే ఉంది. బయల్దేరే ముందు ఫోన్ చేసి, "ఏమే, మామిడిపండ్లు, కరివేపాకు పెట్టుకురాకు, ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు. ఆవకాయ మాత్రం మర్చిపోకు" అంది. తాజా పండ్లు, ఆకులు ధ్రువపత్రం లేకుండా ఆ దేశంలోకి రానివ్వరు.

ఢిల్లీలో విమానం మారి మర్నాడు పొద్దున నరిటాలో దిగాను. మనకంటే వాళ్లు మూడున్నర గంటలు ముందు. విమానాశ్రయం నుంచి టోక్యో నడిబొడ్డుకు దాదాపు 60 కిలోమీటర్లు. రైల్లో అంత దూరమూ ఒక్క ఫోనూ మోగలేదు, ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. నాకు నిజంగానే టెన్షన్ వచ్చింది. ఎటు చూసినా రాతలే, ఒక్క అక్షరమూ తెలియదు. మూడేళ్ల వయసులో పలక పట్టుకున్నప్పటి నుంచి చదవడం రాని మనిషిగా నేనెప్పుడూ లేను. నిరక్షరాస్యత అంటే ఏమిటో ఆ రోజు నాకు ఒంటితో తెలిసింది. వయోజన విద్య తరగతుల్లో వెనక వరుసలో తల దించుకుని కూర్చున్న ఆడవాళ్లు నాకు ఆ రైల్లో గుర్తొచ్చారు.

వాళ్లుండేది నిషి-కసాయి అనే పేటలో. 2000 ప్రాంతం నుంచి మన ఇంజనీర్లు ఎక్కువగా అక్కడే చేరారు. కారణాలు చాలా మామూలువి. పెద్ద ఆఫీసులుండే ఒటెమాచికి తోజాయి లైను రైల్లో నేరుగా వెళ్లొచ్చు. పైగా ప్రభుత్వ సంబంధమైన సంస్థ కట్టిన అపార్ట్‌మెంట్లలో హామీదారు లేకపోయినా ఇల్లిస్తారు. జపాన్‌లో పరాయి దేశస్థుడికి అద్దె ఇల్లు దొరకడం ఎంత కష్టమో తెలిస్తే ఆ రెండో కారణం బరువు అర్థమవుతుంది.

గుమ్మం లోపల మెట్టంత పల్లంగా కొంచెం చోటుంటుంది. చెప్పులు అక్కడే విడవాలి. ఇది మనకు కొత్తేం కాదు. స్నానం మాత్రం కొత్త. ముందు తొట్టి బయట కూర్చుని సబ్బుతో ఒళ్లంతా కడుక్కుని, ఆ తర్వాత వేడినీళ్ల తొట్టిలో దిగి మెడ దాకా మునిగి కూర్చోవాలి. ఆ నీళ్లు ఇంటిల్లిపాదికీ. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. మొదటి రోజు నేను తొట్టిలోనే సబ్బు రాసుకున్నాను. మా స్నేహితురాలు ఒక్క మాటా అనకుండా నీళ్లు వదిలేసి మళ్లీ నింపింది. రాత్రి పడుకునే ముందు నెమ్మదిగా చెప్పింది. ఆ పూట నేను సిగ్గుపడాల్సి రాకుండా చూసుకుంది. ఆ నెమ్మది జపాన్ నేర్పిందో, కాలేజీ రోజుల నుంచే ఉందో కానీ, నా కళ్లు చెమర్చాయి.

రెండో రోజు పొద్దున వంటింటి గోడ మీద వాళ్ల మనవరాలి అక్షరాల పటం చూశాను. ఏమని చదవాలని అడిగితే ఆ పిల్ల వేలు పెట్టి చదివింది: "అ, ఇ, ఉ, ఎ, ఒ. క, కి, కు, కె, కొ." నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అది గుణింతం! పై వరుసన క, స, త, న, హ, మ, య, ర, వ. మన వర్ణమాల నడిచే దారి దాదాపు అదే. సంస్కృత మంత్రాలు చదవడానికి అక్కడి బౌద్ధ భిక్షువులు "సిద్ధం" అనే పాత భారతీయ లిపి నేర్చుకున్నారు. ఆ లిపితో పాటు ఈ వరుస కూడా వచ్చింది. "హ" అక్కడెందుకు వచ్చిందంటారా? ఒకప్పుడు ఆ శబ్దం "ప". అందుకే "మ"కి ముందు కూర్చుంది. అక్షరాల రూపాలు మాత్రం చైనా లిపి నుంచి వచ్చినవి. ముందు రోజు రైల్లో నన్ను భయపెట్టిన రాతల వెనక మన ఓనమాలు ఉన్నాయి!

ఇక ఆ రోజంతా నేను మా స్నేహితురాలిని వదల్లేదు. ప్రతి మాటకూ అర్థం అడిగాను. "తోక్యో ని ఇకిమాసు" అంటే టోక్యోకి వెళ్తాను. "ని" మన "కి" లాగే పేరు వెనక వస్తుంది, క్రియ చివర్న వస్తుంది. చివర "కా" తగిలిస్తే ప్రశ్న: "ఇకిమాసు కా", వెళ్తారా? "కినో కత్త హోన్" అంటే "నిన్న కొన్న పుస్తకం", మాటకు మాట అదే వరుస. ఇంగ్లీషులో పుస్తకం ముందొస్తుంది, కొనడం తర్వాతొస్తుంది. పేరు చివర "సాన్" అంటే మన "గారు". తన పేరుకు తాను పెట్టుకోకూడదన్న మర్యాదతో సహా. అయితే రెండు భాషలూ అక్కాచెల్లెళ్లు అనే తొందర నాకు లేదు. సుసుము ఓనో అనే జపాన్ పండితుడు జపనీస్‌కు తమిళంతో చుట్టరికం ఉందని వాదించారు. చాలామంది భాషాశాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. నాకు చుట్టరికం అక్కర్లేదు, పోలిక కనిపిస్తే చాలు, నోరు పెగులుతుంది.

మూడో రోజు టోక్యోలోనే ఉన్న ఉఎనో అనే చోటికి వెళ్లాం. నిహొంబాషి స్టేషన్లో గింజా లైను రైలుకు మారాం. అక్కడ షినోబజు అనే చెరువు, మధ్యలో గుడి. అమ్మవారి పేరు బెంజాయితెన్. ఆమె మన సరస్వతే. వీణ బదులు బివా అనే వాద్యం పట్టుకుంటుంది. మాటకు, సంగీతానికి, నీటికి ఆమె దేవత. సరస్వతి నది పేరు కూడా కదా! చెరువు నడుమ గుడి కట్టడంలో ఆ జ్ఞాపకం మిగిలిందనిపించింది. గుడి చుట్టూ స్మారక శిలలున్నాయి, వంట కత్తులకు ఒకటి, కళ్లజోళ్లకు ఒకటి. అన్నం పెట్టిన పనిముట్టుకు దణ్ణం పెట్టడం ఆయుధపూజ చేసే మనకు చెప్పాలా? బాసరలో మా పెద్దవాడికి అక్షరాభ్యాసం చేయించిన రోజు తలుచుకుని ఆ శిలల దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

నాలుగో రోజు అందరూ పనులకు వెళ్లిపోయారు. పాలు తేవడానికి నేనొక్కదాన్నే బయల్దేరాలి. ముందు రాత్రి మా స్నేహితురాలు ఒక మాట నేర్పింది. ఇంట్లోంచి వెళ్లేవాళ్లు "ఇత్తె కిమాసు" అంటారు. "ఇత్తె" అంటే వెళ్లి, "కిమాసు" అంటే వస్తాను. నేను విన్నది నమ్మలేక రెండుసార్లు చెప్పించుకున్నాను. గడప దాటేటప్పుడు "వెళ్తాను" అంటే మా అమ్మ ఊరుకునేది కాదు. "వెళ్లొస్తాను అనవే" అని వెనక్కి పిలిచి మరీ అనిపించేది. అమ్మ పోయి తొమ్మిదేళ్లయింది.

తాళం వేసి లిఫ్టు దగ్గరికి వచ్చేసరికి పక్కింటి పెద్దావిడ నిలబడి ఉంది. ఎనభై దాటి ఉంటాయి. నా చేతిలో సంచీ చూసి తల వంచి నవ్వింది. గొంతు సవరించుకుని "ఇత్తె కిమాసు" అన్నాను.

ఆవిడ ముఖం విప్పారింది. "ఇత్తెరష్షాయి" అంది. వెళ్లి రా, అమ్మా.