నార్వేలో మే 17: దారి మొత్తం పిల్లలదే

శ్రోతలందరికీ నమస్కారం.

జాతీయ పండుగ అనగానే మన కళ్ల ముందుకొచ్చేది ఢిల్లీ కవాతు. సైనికులు, ట్యాంకులు, ఆకాశంలో యుద్ధ విమానాలు. నార్వే వాళ్ల జాతీయ పండుగ మే 17. మనం ఆగస్టు పదిహేను అన్నట్టే వాళ్లూ ఆ పండుగను తేదీతోనే పిలుస్తారు. ఆ రోజు రాజధాని ఓస్లోలో ట్యాంకులు, యుద్ధ విమానాల కవాతు ఉండదు. రాజుగారి కాపలాదళం వాళ్ల వాయిద్య బృందం ఒకటి వస్తుంది, మిగతాదంతా బడిపిల్లలే. వందకు పైగా బడులు. పొద్దున పదింటికి మొదలైతే మధ్యాహ్నం ఒంటిగంట దాటినా ఇంకా వస్తూనే ఉంటారు. ముందు బడి పేరు రాసిన పెద్ద బ్యానరు, వెనక బ్యాండు, దాని వెనక చేతుల్లో చిన్న చిన్న జెండాలతో పిల్లలు.

మా అబ్బాయి, కోడలు ఓస్లోలో ఉంటారు. మనవడు నాలుగో తరగతి. వాడి బడి కూడా ఊరేగింపులో ఉందని తెలిసి నేనూ మావారూ ఆ రోజుకు అక్కడ ఉండేలా టికెట్లు తీసుకున్నాం. నేను నెల్లూరు వైపు బడిలో టీచరుగా చేసి రిటైరయ్యాను. ఆగస్టు పదిహేనుకు పిల్లల్ని ఎండలో నిలబెట్టి వరసలు దిద్దడం, అడుగు తప్పిన వాణ్ణి పక్కకు లాగి సరిచేయడం ఏళ్ల తరబడి నా పనే. అందుకే ఓస్లోలో నా కళ్లు ముందు వరసల కోసమే వెతికాయి. వరసలు లేవు. ఒకడు బూటు లేసు కట్టుకుంటూ ఆగిపోతాడు, ఇద్దరు అమ్మాయిలు చేతులు పట్టుకుని గెంతుతూ వస్తారు, ఇంకొకడు జనంలో వాళ్ల అమ్మమ్మ కనిపిస్తే అక్కడే నిలబడి జెండా ఊపుతాడు, టీచరు నవ్వుతూ భుజం తట్టి ముందుకు నడిపిస్తుంది. అందరూ గొంతు చించుకుని హుర్రా అని అరుస్తారు. చివరికి రాజభవనం ముందుకు వస్తే పైన బాల్కనీలో రాజకుటుంబం నిలబడి చెయ్యి ఊపుతూ ఉంటుంది, ఆఖరి బడి దాటేదాకా గంటల తరబడి అలాగే. ఈ పద్ధతి 1906 నుంచి ఉంది. పిల్లలు నడవడం, రాజు నిలబడి చూడటం నాకు చాలా నచ్చింది.

ఈ పండుగ ఎందుకొచ్చిందో కాస్త చెప్పాలి. నార్వే కొన్ని వందల ఏళ్లు డెన్మార్క్ రాజుల కింద ఉంది. నెపోలియన్ యుద్ధాల్లో ఓడిన వైపున్న డెన్మార్క్, 1814 జనవరిలో జరిగిన ఒప్పందంలో నార్వేను స్వీడన్‌కు అప్పగించింది. మమ్మల్ని అడగకుండా మమ్మల్ని ఇచ్చేయడం ఏమిటని నార్వే వాళ్లు ఎదురు తిరిగారు. ఐడ్స్‌వోల్ అనే ఊళ్లో 112 మంది ప్రతినిధులు కూర్చుని, కొన్ని వారాల్లోనే సొంత రాజ్యాంగం రాసుకుని మే 17న పూర్తి చేశారు. అదే ఏడాది స్వీడన్‌తో కలవక తప్పలేదు, అయినా రాజ్యాంగాన్ని మాత్రం వదులుకోలేదు. పూర్తిగా విడిపోయింది 1905లో. చూడండి, వాళ్లు అంత ఘనంగా చేసుకునేది 1905లో విడిపోయిన రోజును కాదు, 1814లో రాజ్యాంగం రాసుకున్న రోజును. మన లెక్కలో ఇది జనవరి 26.

పండుగ చేసుకోవడం కూడా ఊరికే రాలేదు. అప్పటి స్వీడన్ రాజు కార్ల్ యోహాన్‌కు ఈ రోజంటే పడేది కాదు. 1829 మే 17న ఒక పొగ ఓడ రేవుకొస్తుంటే చూద్దామని జనం పోగయ్యారు. ఆ ఓడ పేరే రాజ్యాంగం. ఆ సంబరం సాయంత్రం దాకా సాగితే గుర్రపు దళాన్ని పంపి జనాన్ని చెదరగొట్టారు. దాని మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆ తర్వాత పండుగను ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఈనాడు పిల్లలు నడిచే పెద్ద వీధి పేరు కార్ల్ యోహాన్ వీధి. రాజభవనం ముందు గుర్రం మీద కూర్చున్న విగ్రహం కూడా ఆయనదే. దాని పక్క నుంచే పిల్లలు జెండాలు ఊపుకుంటూ పోతారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు దేశాన్ని ఆక్రమించుకున్నాక ఈ పండుగను నిషేధించారు. 1945 మే 8న విముక్తి వచ్చింది, తొమ్మిది రోజుల్లో మే 17. ఆ ఏడు వీధుల్లో జనం ఎలా ఉండి ఉంటారో ఊహించుకోండి.

పిల్లల ఊరేగింపు 1870లో మొదలైంది, అప్పటి క్రిస్టియానియాలో, అంటే ఇప్పటి ఓస్లోలోనే. వాళ్ల జాతీయగీతం రాసిన కవి బ్యోర్న్‌సన్ దాని వెనక ఉన్నారు. అయితే అప్పట్లో మగపిల్లలే నడిచేవారు. ఆడపిల్లలు నడిచింది 1889 నుంచి. ఇది విన్నప్పటి నుంచి నాకు ఊరేగింపు వేరేగా కనిపించడం మొదలైంది. ఇందులోకి ఎవరెవరు ఎప్పుడు వచ్చారన్నదే అసలు కథ. అంత గొప్పగా రాసుకున్న 1814 రాజ్యాంగంలో యూదులు దేశంలో అడుగు పెట్టకూడదని ఒక నియమం ఉండేది! దాన్ని తీసేయాలని కవి హెన్రిక్ వెర్గెలాన్ చివరిదాకా పోరాడారు. 1829లో రేవు దగ్గర చెదరగొట్టిన జనంలో ఆయన కూడా ఉన్నారు, అప్పటికి ఇంకా విద్యార్థి. 1845లో ఆయన పోయారు, నియమం పోయింది 1851లో. ఆయన చూడలేకపోయారు. ఇప్పటికీ మే 17 పొద్దున్నే ఓస్లో యూదులు ఆయన సమాధి దగ్గరకు వెళ్లి పూలు పెడతారు.

తర్వాతి వంతు మనలాంటి వలస కుటుంబాలది. 1983లో, వలస వచ్చిన వాళ్ల పిల్లలు ఎక్కువగా చదివే ఒక బడికి, ఊరేగింపులో నడిస్తే బాంబు పెడతామని బెదిరింపు వచ్చింది. 1999లో పాకిస్తాన్‌లో పుట్టిన రూబీనా రాణా అనే ఆవిడ ఓస్లో పండుగ కమిటీకి అధ్యక్షురాలైతే ఆమెకు కూడా బెదిరింపులు వచ్చాయి. ఆమె వెనక్కి తగ్గలేదు, ఊరేగింపు ముందు నడిచారు. మా మనవడి తరగతిలో సోమాలీ, పోలిష్, పాకిస్తానీ, నార్వే పిల్లలు కలిసి చదువుకుంటారు, అందరిదీ ఒకే బ్యానరు. వాడు మమ్మల్ని చూసి "నానమ్మా, తాతయ్యా" అని తెలుగులో ఒక కేక పెట్టి, మరుక్షణం పక్కవాడితో కలిసి నార్వే పాట అందుకున్నాడు. ఎవరూ తల తిప్పి చూడలేదు. వాడు అలా నిశ్చింతగా నడవడానికి రూబీనా లాంటి వాళ్లు ఎంత భరించారో అప్పుడు నా మనసుకు తగిలింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

బట్టల గురించి చెప్పకపోతే మావారు ఊరుకోరు, ఫోటోలన్నీ ఆయనే తీశారు. ఆ రోజు సగం ఊరు బూనాద్ వేసుకుంటుంది. అది వాళ్ల సంప్రదాయ దుస్తులు. ఉన్ని గుడ్డ మీద చేత్తో కుట్టిన పూలు, రొమ్ము మీద వెండి పతకాలు, ఒక్కో ప్రాంతానికి ఒక్కో రకం. కుట్టు చూసి ఏ ఊరి మనిషో చెప్పేస్తారు. ధర మన డబ్బుల్లో లక్షల్లోనే, అందుకే దాచుకుని పిల్లలకు ఇస్తారు. నేను లోపల థర్మల్స్ వేసుకుని పైన వెంకటగిరి చీర కట్టుకున్నాను. పక్కన నిలబడ్డ పెద్దావిడ ఒకరు నా జరీ అంచు పట్టుకుని చూసి ఇది ఎక్కడిదని అడిగారు. మా వైపు నేసేదే అన్నాను, కోడలు వాళ్ల భాషలో చెప్పింది. ఆవిడ తన లంగా అంచు చూపించి తమ ఊరి పేరు చెప్పారు. ఇక మా ఇద్దరి మాటలూ ఎంతసేపటికీ తెగలేదు!

ఊరేగింపు అయ్యాక అందరూ ఎవరి బడికి వాళ్లు వెళ్తారు. నన్నడిగితే అసలు పండుగ అక్కడే. తల్లిదండ్రులే వంతులేసుకుని దుకాణాలు నడుపుతారు, కాఫీ కాస్తారు, వాఫుల్స్ వేస్తారు, ఇంట్లో చేసిన కేకులు పెడతారు. వచ్చిన డబ్బు పిల్లలకో, బడి బ్యాండుకో పోతుంది. గోనెసంచి పందెం, చెంచాలో బంగాళదుంప పెట్టుకుని పరుగు. ఆ రోజు ఐస్‌క్రీమ్ ఎన్నయినా తినొచ్చు, ఏ తల్లీ వద్దనదు. ఎర్ర ప్యాంట్లు వేసుకుని తిరిగే పెద్ద పిల్లలు కనిపిస్తే చిన్నవాళ్లు వాళ్ల వెంట పడతారు. వాళ్లు ఆ ఏడాది పదమూడేళ్ల బడి చదువు ముగించేవాళ్లు, తమ ఫోటోతో సరదా మాటలు అచ్చేసిన కార్డులు పంచుతారు. మా వాడి జేబులు రెండూ ఆ కార్డులతో నిండిపోయాయి.

పిల్లలు అక్కడ ఉంటున్న తల్లిదండ్రులు చాలామంది ఇక్కడి ఎండలు తప్పించుకోవడానికి మే నెలలోనే బయల్దేరుతుంటారు కదా, వాళ్లకు నాలుగు ముక్కలు. పదిహేడుకు ముందే చేరేలా చూసుకోండి. ఆ రోజు దుకాణాలు మూసేస్తారు కాబట్టి పాలు, కూరగాయలు ముందు రోజే తెచ్చిపెట్టుకోండి. ట్రాములు, బస్సులు ఊరి మధ్యలో దారి మార్చుకుంటాయి, మెట్రో ఎక్కి త్వరగా వెళ్లి నిలబడండి. ఎండ కాస్తుందని నమ్మి స్వెట్టరు వదిలేయకండి, మే నెలలో కూడా అక్కడ చలి వాన పడుతుంది. మాంసం తినని వాళ్లు సాసేజ్ దుకాణం దాటేసి వాఫుల్స్ దగ్గరకు వెళ్లొచ్చు, జామ్ వేసి ఇస్తారు, వేడివేడిగా బాగుంటాయి. మంచి బట్టలు కట్టుకోండి, చీర, పంచె ఏదైనా సరే, ఆ రోజు అందరూ ఉన్నవాటిలో మంచివే వేసుకుంటారు. చేతికి ఎవరైనా చిన్న జెండా ఇస్తే మొహమాటపడకుండా తీసుకుని ఊపండి. మీ మనవడో మనవరాలో నడుస్తుంటే బడి పేరు ముందే కాగితం మీద రాయించుకోండి, వందకు పైగా బ్యానర్లలో వాళ్లది వెతుక్కోవడం తేలిక కాదు.

నమస్కారం.